స్టోరుగారు చెరిపిన పేరు

ఆ ఇంట్లో ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని రాసి ఉంటుంది. అందులో వింతేమీ లేదు. దాని మూత మీద 'ఉప్పు డబ్బా మూత' అని కూడా రాసి ఉంటుంది. వింతంతా అక్కడే ఉంది.

ఆ రాతలన్నీ ఇంటి పెద్దాయనవి. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సుల వర్క్‌షాపులో స్టోరు చూసి రిటైరైన మనిషి. సన్న మేకు దగ్గర్నుంచి ముందద్దం దాకా వేల రకాల సామానుకి చీటీలు రాసి, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా అడిగిన వస్తువే తగిలేలా సర్దిపెట్టిన ఘనుడు. వీధంతా ఆయన్ని స్టోరుగారనే పిలుస్తుంది. రిటైరయ్యాక సర్దడానికి ఆయనకి స్టోరు లేకుండా పోయింది. ఇల్లొక్కటే మిగిలింది.

ఆయన భార్య ముందు గదిలో కుట్టు మిషను వేసుకుని నలభై ఏళ్ళుగా వీధి మొత్తానికీ బట్టలు కుడుతోంది. అందుకని ఆవిడ టైలరమ్మ. "మా ఆయన నా నుదుటి మీద ఇంకా చీటీ అంటించలేదు. ఏం రాయాలో తేలక ఆగారు, లేకపోతే ఈపాటికి అదీ అయిపోయేది" అని కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఆ శుక్రవారం పొద్దున్న ఇంట్లో నలుగురూ టిఫిను బల్ల చుట్టూ ఉన్నారు. లిఫ్టులు బాగుచేసే కొడుకు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోను చూస్తున్నాడు. కోడలు మాత్రం ప్లేటు పక్కకి నెట్టి లాప్‌టాప్‌తో కుస్తీ పడుతోంది. చెవి మిషన్లు అమర్చడం ఆ అమ్మాయి ఉద్యోగం. వారమంతా నాలుగు ఆసుపత్రులు తిరుగుతుంది. వినపడనివాళ్ళ చెవి కొలత తీసుకుని, ఆ చెవికి సరిపడే మెత్తటి అచ్చు చేయించి, మిషనులో శబ్దం ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో ఆ లాప్‌టాప్‌తోనే సరిచేస్తుంది.

"చూడండి అత్తయ్యా, మళ్ళీ పైవాళ్ళ నెట్టుకే అతుక్కుంది! మనింట్లో కూర్చుని మనింటి దానికి తగలదట!"

"పొరుగింటి పుల్లకూర రుచి దానికీ తెలిసినట్టుందే" అంది టైలరమ్మ.

"వెళ్ళిన చోటల్లా ఒక నెట్‌వర్కు గుర్తుపెట్టుకుని కూర్చుంది. నలభై మూడు! ఏది ఏ ఆసుపత్రిదో నాకే తెలియడం లేదు. అన్నీ అంకెలూ అక్షరాలూ కలగాపులగం." కోడలు మూత సగం మూసి, ఏదో ఆలోచించి, మళ్ళీ తెరిచింది. తరవాత మామగారి వైపు తిరిగింది. "మామయ్యా, ఇవాళ పెద్దాసుపత్రిలో వాళ్ళ కంప్యూటరే వాడతాను. ఇది ఇంట్లోనే ఉంటుంది. ఈ జాబితా కాస్త సర్దిపెడతారా?"

స్టోరుగారి చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఆ అమ్మాయి ఈ ఇంటికి వచ్చి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఆయన కోడలి వస్తువులు సర్దని వారం లేదు. ఆమె తనంతట తాను 'సర్దండి' అని అడగడం మాత్రం ఇదే మొదలు.

"అదెంత పనమ్మా! సాయంత్రానికి అద్దంలా చేసి పెడతాను."

"అన్నీ చూడండి. ఒక్కటీ వదలకండి" అంది కోడలు సంచి భుజాన వేసుకుంటూ. అని, గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడింది. ఇంకేదో చెప్పబోయి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. కొడుకు తండ్రి వైపు ఒకసారి, భార్య వెళ్ళిన వైపు ఒకసారి చూసి, గబగబా చెయ్యి కడుక్కుని ఆమె వెనకే బయటపడ్డాడు. వాడి తొందర ఎవరికీ అనుమానం కలిగించలేదు. వాడు పెళ్ళయిన దగ్గర్నుంచీ అలా తప్పుకుంటూనే ఉన్నాడు.

స్టోరుగారికి కంప్యూటరు కొత్త కాదు. పెద్దవాళ్ళ కోసం లైబ్రరీలో నడిపే తరగతికి ఏడాదిగా వెళుతున్నారు. మాస్టారు చెప్పిన ప్రతి ముక్కా నోటు పుస్తకంలో రాసుకుని, పుస్తకం అట్ట మీద 'నోటు పుస్తకం' అని రాసుకున్నారు. అందులో ఇరవై ఆరో పేజీలో ఈ పాఠం ఉంది. కంప్యూటరు ఒకసారి తగులుకున్న ప్రతి నెట్‌వర్కుకీ తన దగ్గర ఒక ప్రొఫైలు దాచుకుంటుంది. ప్రొఫైలు అంటే మరేం లేదు, ఒక చీటీ. పేరేమిటి, మొదట ఎప్పుడు తగులుకున్నాం, ఆఖరున ఎప్పుడు తగులుకున్నాం అని అందులో ఉంటుంది. ఆ పేరు మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు, కాకపోతే ఆ చోటికి చాలా లోపలికి వెళ్ళాలి. మార్చినా మారేది మన కంప్యూటర్లోనే. నెట్ పంపే అవతలివాళ్ళ డబ్బాకి ఆ సంగతి తెలియనే తెలియదు.

ఇది ఆయనకు భలే నచ్చింది. సామాను వాళ్ళది, చీటీ మనది!

ముందు కాగితం మీద నలభై మూడు వరసల గళ్ళు గీశారు. తేదీలు చూసి, కోడలు ఏ వారం ఏ ఆసుపత్రికి వెళ్ళిందో గోడ మీది క్యాలెండరుతో సరిచూసి, ఒక్కోదాన్నీ కాగితం మీదికి ఎక్కిస్తూ, పేరు పెడుతూ పోయారు. 'పెద్దాసుపత్రి, రెండో అంతస్తు'. 'పిల్లల ఆసుపత్రి, మందులషాపు వైపు'. 'రైలు స్టేషను, కూర్చునే హాలు'. పైవాళ్ళ నెట్‌వర్కును తీసేయకుండా, దానంతటది తగులుకోకుండా మాత్రం కట్టడి చేశారు. సొంత ఇంటిదాన్ని అన్నిటికన్నా ముందుకి తెచ్చారు. ఒకచోట మాత్రం ఆగిపోయి కోడలికి ఫోను చేశారు.

"అమ్మా, ఇక్కడ ఏడు అంకెలది ఒకటుంది. ఒక్కసారే తగులుకుంది. ఏమిటది?"

"ఓ, అదా మామయ్యా! వానలో ఇరుక్కుని చెప్పుల షాపులో గంట కూర్చున్నానే, వాళ్ళది. తీసేయండి."

"తీసేయడమెందుకు? మళ్ళీ వాన రాదా ఏమిటి? ఉండనీ."

కోడలు నవ్వింది. నవ్వాక, ఫోను పెట్టేయకుండా ఆగింది. "ఇంకేమైనా అడగాలా మామయ్యా?"

"ఇంకేముంటుందమ్మా, అన్నీ మంచినీళ్ళు తాగినంత తేలిక" అన్నారాయన. 'చెప్పుల షాపు, వాన రోజు' అని రాసుకున్నారు.

నలభై ఒకటో ప్రొఫైలు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. దానికి పేరు పెట్టే పని ఆయనకు లేకపోయింది. అప్పటికే ఎవరో పెట్టారు.

'నా గది.'

స్టోరుగారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు. మిగతా నలభై రెండు ప్రొఫైళ్ళూ ఆయన చేతికి వచ్చేటప్పటికి కంప్యూటరు ఇచ్చిన పేర్లతోనే ఉన్నాయి. ఈ ఒక్కదానికి మాత్రం కోడలు అంత లోపలికి వెళ్ళి, తన చేత్తో పేరు మార్చి రాసుకుంది. మొదట తగులుకున్నది నాలుగు నెలల కింద. ఆఖరున నిన్న, గురువారం, మధ్యాహ్నం రెండూ పది.

గురువారాలు ఆమె ఊరవతలి ఆసుపత్రికి వెళుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన కాగితంలో ఊరవతలి ఆసుపత్రి వరస వెతికారు. ఆఖరున తగులుకున్నది నాలుగు నెలల కింద. అంటే ఈ నాలుగు నెలల గురువారాలూ ఆమె అక్కడికి వెళ్ళనే లేదు.

స్టోరుగారికి పుస్తకాల్లో లేని విద్య ఒకటుంది. మనిషి ఒక వస్తువు మీద తన చేత్తో పేరు రాసిందంటే అది తనదనుకుందని అర్థం. వర్క్‌షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు పనిముట్ల పెట్టె మీద పేరు రాసుకున్న రోజున, వీడింక ఉద్యోగం వదలడు అని ఆయన చెప్పేసేవారు. ఎప్పుడూ తప్పలేదు. ఆ లెక్కన చూస్తే, ఈ ఇంట్లో కోడలు ఇంతవరకు దేని మీదా ఒక్క అక్షరం రాయలేదు. ఎక్కడో ఉన్న ఒక గదికి రాసుకుంది.

ఆయన లేచి ముందు గదిలోకి వెళ్ళారు. టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక చొక్కా చేతులు అమరుస్తోంది.

"ఇదుగో, పిల్లలు వేరే కాపురం పెడుతున్నారు."

ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది. "ఎవరు చెప్పారు?"

"లాప్‌టాప్."

కాగితం చూపించి అంతా వివరించారు. టైలరమ్మ ఓపిగ్గా విని, "అయితే అడగండి. నోరుంది కదా" అంది.

"అడిగితే అవునంటుందే! అప్పుడేం చేస్తాం?"

ఆవిడ మళ్ళీ చొక్కా చేతిలోకి తీసుకుంది. ఇంట్లో నాలుగు కంచాలు పెట్టుకునే ఈ మూడేళ్ళూ ఆయన జీవితంలో అన్నిటికన్నా బాగున్న రోజులు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కోడలి సామాను సర్దినప్పుడల్లా చెబుతున్నాననే అనుకునేవారు.

మళ్ళీ వెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఆ ప్రొఫైలు పక్కనే ఒక బొత్తాం ఉంది. దాని మీద 'మరచిపో' అని ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళలో తుప్పు పట్టిన మేకును కూడా రాతకోతలు లేకుండా పారేయని మనిషి, ఆ బొత్తాం నొక్కేశారు. జాబితాలో నలభై రెండు మిగిలాయి. నొక్కిన మరుక్షణం ఆయనకు భయమేసింది. అటూ ఇటూ నొక్కి చూశారు. నోటు పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేశారు. మరచిపొమ్మన్నదాన్ని మళ్ళీ ఎలా గుర్తుచేయాలో మాస్టారు ఏ పేజీలోనూ చెప్పలేదు.

సాయంత్రం కొడుకూ కోడలూ కలిసే వచ్చారు. ఆ పూట స్టోరుగారి మర్యాదలు చూడాలి! కోడలి సంచి అందుకున్నారు. ఫ్యాను వేశారు. వేసిన ఫ్యానును ఇంకాస్త పెంచారు. అందరికీ టీ తానే పెట్టారు. టైలరమ్మ ఆయన్ని ఓరగా చూసింది.

కోడలు లాప్‌టాప్ తెరిచి, జాబితా చూసి చప్పట్లు కొట్టింది. "అబ్బ! మామయ్యా, ఇదేంటి, ఇంత బాగా! 'పిల్లల ఆసుపత్రి, మందులషాపు వైపు'! ఏమండీ, ఇది చూడండి. 'చెప్పుల షాపు, వాన రోజు'ట!" పగలబడి నవ్వుతూ కిందికి చదువుకుంటూ పోయింది. చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. ఈసారి నవ్వడం లేదు.

"మామయ్యా, నలభై మూడు ఉండాలి."

స్టోరుగారు టీ గ్లాసులోకి చూస్తున్నారు.

"నలభై రెండే ఉన్నాయి మామయ్యా."

"పోయినదేదో నీకు తెలుసు కదమ్మా" అన్నారాయన మెల్లగా. "నేనే తీసేశాను."

"నాన్నా, అసలు అదేమిటంటే..." అని కొడుకు మొదలుపెట్టాడు.

"నువ్వాగరా గోడమీద పిల్లీ! నీకు ముందే తెలుసన్నమాట" అని టైలరమ్మ కసిరింది.

స్టోరుగారు గ్లాసు కింద పెట్టారు. కాస్త టీ ఒలికింది. తుడవలేదు. అది చూసే కొడుకుకి అసలు భయం పట్టుకుంది. "ఇల్లు చూసుకున్నారని అర్థమైంది. తప్పు పట్టడం లేదు. వయసులో ఉన్నవాళ్ళు, మీ ఇష్టం మీకుంటుంది. నాకు చెబితే సామాను నేనే కట్టిపెట్టేవాణ్ణి కదా. ఏ పెట్టెలో ఏముందో పేర్లు రాసి, అక్కడ దింపాక వెతుక్కోకుండా..."

కోడలు బిత్తరపోయి చూసింది. "ఇల్లేమిటి మామయ్యా? ఇల్లూ లేదు, ఏమీ లేదు. నిజంగానే గది. నాలుగు అడుగులు వేస్తే అవతలి గోడ తగులుతుంది. గడియారాలు బాగుచేసే తాతగారి షాపు వెనక. ఊరవతలి ఆసుపత్రికి వెళ్ళడం మానేసి, గురువారాలు అక్కడ కూర్చుని పని చేసుకుంటున్నాను."

"ఇంట్లో ఇంత చోటు పెట్టుకుని, గడియారాల షాపు వెనకా?"

కోడలు పెదవి కొరుక్కుంది. టైలరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "చెప్పవే తల్లీ. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పవు."

"నాలుగు నెలల కింద నా చెవి అచ్చులు సర్దారు, గుర్తుందా మామయ్యా?"

స్టోరుగారి ముఖం ఒక్క క్షణం వెలిగింది. ఆయన పనితనంలో అదొక మేలి ఘట్టం. "గుర్తులేకేం? సంచిలో చెల్లాచెదురుగా పడేసి ఉంటే, గళ్ళ పెట్టె తెచ్చి పేర్చాను. ఇరవై రెండు. పెద్దవి ఎడమన, చిన్నవి కుడిన, సైజుల వారీగా..."

"ఒక్కో మనిషికి రెండు చెవులు మామయ్యా. రెండూ ఒక సైజులో ఉండవు."

స్టోరుగారి చెయ్యి తెలియకుండానే తన కుడి చెవి దగ్గరికి వెళ్ళింది. తరవాత ఎడమ చెవి తడుముకున్నారు.

"పదకొండు మంది జతలు విడిపోయాయి" అంది కోడలు. "చిన్న చిన్న కవర్లలో జతలుగానే పెట్టుకున్నాను. మీరు కవర్లు తీసేసి పేర్చారు. రెండు రోజులు కూర్చుని మళ్ళీ జత చేశాను. అయినా ఒకటి తప్పింది. ఒక పెద్దావిడకి వేరేవాళ్ళది వెళ్ళి చెవి పుండుపడింది. ఆవిడ నన్ను ఒక్క మాటనలేదు. 'కొత్త కదమ్మా, అలాగే ఉంటుందేమోనని ఓర్చుకున్నాను' అంది. బస్సులో ఏడుస్తూ వచ్చాను."

"అప్పుడే నా మొహాన చెప్పి ఉండాల్సింది!"

"ఎలా చెప్పను? ఆ రోజు మీరు ఆ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు నా కోసం. మా నాన్న కూడా నా కోసం అలా ఎప్పుడూ ఎదురు చూడలేదు. ఎలా చెప్పమంటారు?"

కోడలు ఏడుస్తోంది. ఏడుస్తూనే చెబుతోంది. "అందుకే ఆ గది. అక్కడ సగం చేసిన పని సగంలో వదిలేస్తే వారం తరవాత కూడా అలాగే ఉంటుంది. ఎవరూ కదపరు. అంతే మామయ్యా, ఇంకేం లేదు."

"మరి ఇవాళ పొద్దున్న లాప్‌టాప్ ఆయన చేతికి ఎందుకిచ్చావే? ఆ పేరు అందులో ఉందని తెలుసు కదా" అంది టైలరమ్మ.

"తెలిసే ఇచ్చాను అత్తయ్యా. రాసి ఉన్నది ఏదైనా సరే మామయ్య చదవకుండా వదలరు. చదువుతారు, అడుగుతారు, అడిగితే చెప్పేద్దామనుకున్నాను. నా అంతట నేను నోరు తెరవలేక. రోజంతా ఫోను చేతిలోనే పట్టుకుని ఉన్నాను. చెప్పుల షాపు గురించి అడిగారు. దాని గురించి అడగనే లేదు." కళ్ళు తుడుచుకుంది. "అడగకుండా చెరిపేశారు."

స్టోరుగారు లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. ఆయన జీవితమంతా వస్తువులకు పేర్లు రాసినవాడే గాని, ఆ వస్తువు ఎవరిది అని అడిగినవాడు కాదు. స్టోరులో ఆ అవసరం రాలేదు. అక్కడి సామాను ఎవరిదీ కాదు. ఇక్కడ ఉన్నవాళ్ళంతా మనుషులు. ఈ చిన్న తేడా ఆయనకు ఇన్నాళ్ళకు తలకెక్కింది.

"తప్పయిపోయిందమ్మా" అన్నారు. "అచ్చుల సంగతి తెలియక చేశాను. ఇది మాత్రం తెలిసే చేశాను. నువ్వు వెళ్ళిపోతావేమోనని భయమేసి చేశాను. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేను సర్దేది ఏముంది? ఉప్పు డబ్బాయేగా!"

కోడలికి ఏడుపులోనే నవ్వొచ్చింది. టైలరమ్మ మాత్రం నవ్వలేదు. సూటిగా అడిగింది.

"ఒక్కటి చెప్పు. వెళ్ళిపోవాలని ఉందా నీకు?"

"లేదత్తయ్యా. గురువారం అక్కడ తలుపు వేసేటప్పటికే ఇంటి మీద ధ్యాస. తీరా వచ్చాక, నా సంచి ఎక్కడ పెడితే తప్పో అని భయం."

"నీకు మూడేళ్ళ భయం. నాకు నలభై ఏళ్ళుగా కత్తెర ఎక్కడ పెడితే తప్పో అని భయం!" అంది టైలరమ్మ. "ఒకసారి నా కత్తెర కనపడక పక్కింటి కత్తెరతో పెళ్ళికూతురి గౌను కత్తిరించాను తెలుసా? ఈయన దాన్ని 'పదునైనవి' అనే పెట్టెలో పెట్టి తాళం వేశారు!"

కొడుకు ఫక్కున నవ్వాడు. వాడి వెనక కోడలు. స్టోరుగారు ముందు ఉడుక్కుని, "అది పిల్లల క్షేమం కోసం" అన్నారు. "మనింట్లో పిల్లలెక్కడున్నారండీ?" అని టైలరమ్మ అనేసరికి ఆయనకూ నవ్వు ఆగలేదు. నలుగురూ కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ నీళ్ళలో ఏవి ఎందుకు వచ్చినవో వేరు చేయడం స్టోరుగారి తరం కూడా కాదు.

ఆ తరవాతి గురువారం కోడలే ఆయన్ని ఆ గదికి తీసుకెళ్ళింది. చెరిపేసిన నెట్‌వర్కుకు మళ్ళీ తగులుకోవాలంటే పాస్‌వర్డు కావాలి. అది ఆమెకు గుర్తులేదు. గడియారాల తాతగారికీ గుర్తులేదు. "డబ్బా అడుగున మా మనవరాలు ఏదో రాసి పెట్టింది, చూసుకో నాయనా" అన్నారు తాతగారు. తనకన్నా పెద్దవాడు తనని నాయనా అన్నందుకు స్టోరుగారు మురిసిపోయి, బీరువా వెనక్కి వంగి, బూజు దులుపుకుంటూ ఆ డబ్బా తీసి, పద్నాలుగు అక్షరాలూ గట్టిగా చదివారు. కోడలు టైపు చేసింది. తగులుకుంది.

జాబితాలో నలభై మూడోదిగా 'నెట్‌వర్క్ 2' అని పడింది.

"పేరు మీరే రాయండి మామయ్యా" అంది కోడలు, లాప్‌టాప్ ఆయన వైపు తిప్పుతూ.

స్టోరుగారు చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నారు. "నీ గదికి నేను రాయకూడదు. నువ్వే రాసుకో."

ఆమె రాసుకుంది. ఆయన పక్కకి తిరిగి గది చూశారు. చూడకుండా ఉంటే బాగుండేది. కిటికీ గట్టు మీద తీగలు, తీగల మీద రబ్బరు గొట్టాలు, గొట్టాల పక్కన సగం తిన్న బిస్కెట్ల పొట్లం, పొట్లం కింద ఎవరిదో చెవి కొలతల కాగితం. ఆయన వేళ్ళు జివ్వుమన్నాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు.

"దేన్నీ ముట్టుకోను. కాసేపు చూస్తూ కూర్చోవచ్చా?"

"కూర్చోండి మామయ్యా. ఈ దీపం కాస్త ఇటు పట్టుకుంటారా?"

సాయంత్రం దాకా ఆయన దీపం పట్టుకున్నారు. ఆమె ఒక్కొక్క అచ్చునూ వెలుగులో తిప్పి చూసి, అంచులు గీకి, ఊది, జతకు జత చేసింది. ఆ చిందరవందరలో ఆమె చెయ్యి ఒక్కసారీ తడుముకోలేదు. చూడకుండానే అడిగినదాన్ని అందుకుంటోంది. ఈ చెయ్యి ఆయనకు బాగా తెలుసు. వర్క్‌షాపులో అందరూ మెచ్చుకున్నది ఇలాంటి చేతినే. దారి వేరు, అంతే. ఆ మాట పైకి అనేశారు కూడా. "నీకూ అన్నీ ఎక్కడున్నాయో తెలుసే!" అని. కోడలు తల ఎత్తకుండానే నవ్వింది.

ఆ గది అలాగే ఉంది. గురువారాలు ఆమె వెళుతూనే ఉంది. ఇంట్లో మాత్రం స్టోరుగారికి ఒక కొత్త అలవాటు వచ్చింది. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా "ఇది ఎవరిది?" అని కేకేసి అడుగుతారు. రోజుకు ముప్పైసార్లు అడుగుతారు. "ఇంతకన్నా సర్దడమే నయమండీ" అని టైలరమ్మ తలపట్టుకుంటుంది. అయినా కత్తెర ఇప్పుడు మిషను మీదే ఉంటోంది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఉదయం ఆయన అందరికన్నా ముందు లేచి, టీ కలుపుకుని, రోజూలాగే బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. బల్ల మీద గ్లాసు పెట్టడానికి చోటు లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి చెవి అచ్చులు, బ్రష్షులు, విప్పేసిన మిషన్లు, వాటి లోపలి తీగలు. సగం పని చేసి, దేన్నీ సంచిలోకి ఎత్తకుండా, ఒక్క గుడ్డ కూడా కప్పకుండా, కోడలు వెళ్ళి హాయిగా నిద్రపోయింది.

స్టోరుగారు దేన్నీ కదపలేదు. గోడకి ఆనుకుని నిలబడి టీ తాగారు. కాసేపటికి టైలరమ్మ వచ్చి, చూసి, తన గ్లాసుతో ఆయన పక్కన నిలబడింది. తరవాత కొడుకు వచ్చాడు. ముగ్గురూ ఆ బల్ల చుట్టూ, సంతలో బొమ్మలు చూసేవాళ్ళలా నిలబడి టీ తాగుతున్నారు.

కోడలు జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. వాళ్ళ ముగ్గురినీ చూసింది. "అయ్యో" అని పరిగెత్తి బల్ల ఖాళీ చేస్తుందేమోనని స్టోరుగారు ఊపిరి బిగబట్టారు. ఈ మూడేళ్ళలో ఆమె ఎప్పుడూ అలాగే చేసేది.

ఆమె ఆవులించింది. కుర్చీ లాక్కుని, తన సామాను ముందు కూర్చుంది. ఒక అచ్చు తీసి కిటికీ వెలుగులో పట్టుకుని, తల తిప్పకుండానే అంది.

"మామయ్యా, నాకూ ఒక టీ పెట్టరూ? చక్కెర కాస్త ఎక్కువ."

మూడేళ్ళలో ఆ ఇంట్లో ఆ అమ్మాయి తల కూడా తిప్పకుండా, మొహమాటం లేకుండా ఆయనకు చెప్పిన మొదటి పని అది. స్టోరుగారు చేతిలోని గ్లాసు భార్య చేతిలో పెట్టి, వంటింట్లోకి దాదాపు పరిగెత్తారు.